ఎక్కువ తూగిన నాణెం

బంగారు నాణేలు కొని అమ్మే దుకాణాల్లో పరీక్ష చేసే ఉద్యోగంలో చేరుతున్నామని ఈమధ్య ఇద్దరు ముగ్గురు పిల్లలు ఫోన్ చేశారు. "అంకుల్, ఏ కోర్స్ చెయ్యాలి?" అని అడిగారు. కోర్సుల సంగతి నాకు తెలియదు. మెషీన్ వాడటం వారంలో వస్తుంది. మిగతాది రావడానికి నాకు ఇరవై ఆరేళ్లు పట్టింది, అదీ పూర్తిగా రాలేదు. రిటైరయ్యే ముందు ఏడాది ఒక పెద్ద తప్పు చేశాను. దాని గురించే ఎక్కువ రాస్తాను. సరిగ్గా చేసిన పనులు నాకు పెద్దగా గుర్తు లేవు, గుర్తున్నా వాటివల్ల మీకు ఒరిగేదేమీ లేదు.

కొవాచ్ గారి వరుస

మా నాన్న ప్రొద్దుటూరులో కంసాలి. నేను సిడ్నీ వచ్చేటప్పుడు ఆయన గీటురాయిని సూట్‌కేసులో పెట్టుకుని తెచ్చుకున్నాను. ఎయిర్‌పోర్టులో ఆఫీసరు దాన్ని అటూ ఇటూ తిప్పి ఇదేమిటని అడిగాడు. రాయి అన్నాను. మట్టి అంటుకుని ఉందేమోనని వెతికి, లేదని తేల్చుకుని, నావంక జాలిగా చూసి వదిలేశాడు. ఇక్కడ రాళ్లు దొరకవన్నట్టు అంత దూరం నుంచి ఒక నల్లరాయి మోసుకొచ్చిన మనిషిని ఆయన అంతకుముందు చూసి ఉండడు.

సిడ్నీలోనే పారామట్టా అనే చోట నాకు పని ఇచ్చిన దుకాణం యజమాని పేరు కొవాచ్. హంగేరీ నుంచి చిన్నప్పుడే వచ్చేసిన మనిషి. నవ్వేవారు కాదు, అరిచేవారూ కాదు. మొదటి రోజు ఆయన నాకు నేర్పింది ఒక వరుస. ముందు తూకం, తర్వాత కొలత, తర్వాత చప్పుడు, చివర మెషీన్. చప్పుడంటే నాణేన్ని వేలి కొన మీద నిలిపి ఇంకో నాణెంతో మెల్లగా తడితే వచ్చే మోత. మెషీనంటే ఎక్స్‌రే తుపాకీ. నాణెం పైపొరలో ఏ లోహం ఎంతుందో తెర మీద చూపిస్తుంది. పైపొరలో మాత్రమే. ఈ మాట కింద గీత గీసుకోండి.

"మెషీన్ ముందు పెడితే నీ బుర్ర పని మానేస్తుంది, ఓబీ" అనేవారు. నా పేరు ఓబులాచారి. ఇరవై ఆరేళ్లలో అది ఆయన నోట్లో పూర్తిగా పట్టలేదు.

ప్లాస్టిక్‌లో లక్ష్మి

ఆన్‌లైన్‌లో కొనాలా, దుకాణంలో కొనాలా అని అందరూ అడుగుతారు. కౌంటర్ వెనక ఉన్నంతకాలం తిన్నగా జవాబు చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను. ఆన్‌లైన్‌లోనే చవక. వాళ్లకి మాలాగా వీధి మీద అద్దె లేదు, నాకివ్వాల్సిన జీతం లేదు. పేరున్న చోట కొంటే మోసం కూడా అరుదే. మరి మా కౌంటర్‌కి జనం ఎందుకొస్తారంటే, తిట్టడానికి ఎదురుగా ఒక మొహం కావాలి. ధర పెరిగితే నేనే పెంచానన్నారు. తగ్గితే ముందే ఎందుకు చెప్పలేదన్నారు. వెబ్‌సైట్‌ని ఎంతసేపు తిట్టినా మనిషికి తృప్తి ఉండదు.

ఈ రెండు పక్షాలూ ఒకే ఇంట్లో కాపురం చేస్తుండగా చూశాను. సిడ్నీ శివారు క్వేకర్స్ హిల్‌లో మూర్తి గారు, కామేశ్వరి గారు. గుడివాడ వైపు వాళ్లు. ఆయన రిటైరైన ఇంజనీరు, ఆన్‌లైన్ పక్షం. ఆవిడది మా కౌంటర్ పక్షం. ఏటా వరలక్ష్మీ వ్రతానికి ఆయన ఒక నాణెం ఆన్‌లైన్‌లో తెప్పించేవారు, ఆవిడ మా దగ్గర ఒకటి కొనేవారు. రెండూ పావు ఔన్సువే, మన కాసు కన్నా కాస్త తక్కువ. రెండూ ఒకే టంకశాలలో పుట్టినవే. ఆ ముక్క చెబితే ఆవిడ నమ్మేవారు కాదు.

"చేత్తో పట్టుకుని చూడకుండా కొన్న బంగారం బంగారమేంటండీ, అన్నయ్య గారూ? వంకాయలు కూడా నొక్కి చూడందే కొనను నేను" అనేవారు.

ఆన్‌లైన్ నాణెం చిన్న డబ్బీలాంటి ప్లాస్టిక్ బిళ్లలో సీలు వేసి వస్తుంది. సీలు తెరవకుండా ఉంచితే తిరిగి అమ్మేటప్పుడు మంచి ధర పలుకుతుంది. మూర్తి గారు తెరవొద్దని మొత్తుకునేవారు. "ప్లాస్టిక్‌లో ఉన్న లక్ష్మికి పసుపు ఎక్కడ పెట్టమంటారు?" అని ఆవిడ కత్తెర తీసుకునేవారు. నాణెం బయటికొచ్చాక ఆ బిళ్ల కుంకుమ పోసుకోవడానికి పనికొచ్చేది.

చాదస్తంలో మూర్తి గారూ తక్కువ తినలేదు. ఒక శుక్రవారం పదకొండు గంటలకి కొరియర్ ఆయన నాణెం తెచ్చాడు. రాహుకాలం. పన్నెండు దాటేదాకా సంతకం పెట్టనన్నారు మూర్తి గారు. అతన్ని లోపల కూర్చోబెట్టి పులిహోర, కాఫీ ఇచ్చారు. ఆ తర్వాత ప్రతిసారీ ఆ మనిషి కావాలనే రాహుకాలంలో వస్తున్నాడని మూర్తి గారి అనుమానం.

ఇంతకీ ఆయన మాటకి ఇక్కడ చాలా విలువ. కొత్తగా వచ్చినవాళ్లు ఇల్లు కొనాలన్నా, పిల్లలకి బడి చూడాలన్నా ఆయన్నే అడిగేవారు. నేను తప్పు చేసిన ఏడాది క్వేకర్స్ హిల్‌లోనూ పక్కనున్న ద పాండ్స్‌లోనూ ఇరవై రెండు ఇళ్లవాళ్లని ఒప్పించి, అందరికీ కలిపి ఆన్‌లైన్‌లో ఒకటే ఆర్డరు పెట్టించారు. "హామీ నాదండీ" అన్నారు గుడి హాల్లో నిలబడి. ఎవరూ రెండో ప్రశ్న వెయ్యలేదు.

తెల్లబడ్డ నాణెం

శ్రావణం అయిపోయాక దంపతులిద్దరూ మా కౌంటర్‌కి వచ్చారు. కామేశ్వరి గారు చేతిరుమాలు విప్పి రెండు నాణేలు పెట్టారు. మా దగ్గర కొన్నది పచ్చగా మెరుస్తోంది. ఆన్‌లైన్‌ది స్టీలు గ్లాసు రంగులో తెల్లగా ఉంది.

"చూశారా అన్నయ్య గారూ, నెల తిరక్కుండానే దాని అసలు రంగు బయటపడింది!"

మూర్తి గారు తెల్ల నాణేన్ని వేలితో రుద్ది చూస్తున్నారు. నాకు మాత్రం, దాచడమెందుకు, పండగలా అనిపించింది. ఆన్‌లైన్ దెబ్బకి మా బేరాలు పడిపోయి ఉన్నాయి. కుర్రకారంతా ఫోన్‌లో మా ధర, వాళ్ల ధర పక్కపక్కన పెట్టి చూపించి నన్ను వెక్కిరించి పోతున్నారు. ఇన్నాళ్లకి ఒకటి దొరికింది అనుకున్నాను. వరుస గిరుస పక్కన పెట్టి ముందే మెషీన్ తీసి గురిపెట్టాను. తెర మీద బంగారం పక్కన పాదరసం అని వచ్చింది. నకిలీల్లో రాగి చూశాను, టంగ్‌స్టన్ చూశాను, పాదరసం ఎప్పుడూ చూడలేదు. ఏదో కొత్త రకం పూత అని తేల్చేశాను. పద్ధతి కోసం తూకం వేశాను. ఉండాల్సిన దానికన్నా కొన్ని మిల్లీగ్రాములు ఎక్కువే ఉంది. పుస్తకంలో రాసుకున్నాను, ఆలోచించలేదు.

"నకిలీ సార్. నాకేం డౌటు లేదు. మీకు అంటగట్టినారు."

"ఇంకోసారి చూడండి ఆచారి గారూ. నేను ఇరవై రెండు ఇళ్లకి చెప్పాను."

"ఎన్నిసార్లు చూసినా అంతే సార్. మెషీన్‌కు మీరూ నేనూ ఒకటే."

గెలిచిన ఉత్సాహంతో ఏదో అనబోయిన కామేశ్వరి గారు ఆయన మొహం చూసి ఆగిపోయారు. నాణెం రుమాల్లో కట్టుకుని ఇద్దరూ వెళ్లిపోయారు. ఆయన తలుపు తోయాల్సింది పోయి రెండుసార్లు లాగారు.

ఇరవై రెండు ఇళ్లు

వాళ్లు ఇల్లు చేరేలోపే, దుకాణంలో ఉన్న ఎవరో పెట్టిన కబురు వాట్సాప్‌లో ఊరంతా తిరిగింది. మర్నాటి నుంచి మా కౌంటర్ ముందు వరుస కట్టారు. నాణేలు పసుపులో వచ్చాయి, అక్షింతల్లో వచ్చాయి, తమలపాకు చుట్టుకుని వచ్చాయి. ద పాండ్స్ నుంచి ఒకావిడ కలశాన్ని కలశంగానే తెచ్చారు, కారులో సీటు బెల్టు పెట్టి. ఆవిడ శ్రావణమంతా కలశం ఉంచుతారట, ఇంకా ఉద్వాసన చెప్పలేదట, నాణెం లోపలుందట, కొబ్బరికాయ కదపకుండా పరీక్ష చెయ్యాలట. కొవాచ్ గారు ఆ కొబ్బరికాయని చాలాసేపు చూశారు. "తూకం వద్దులే, ఓబీ" అని లోపలికి వెళ్లిపోయారు.

నేను నాణేలు కడగడానికి ఒక బేసిన్ పెట్టుకున్నాను. వారం రోజులు మా దుకాణం గంధం, కర్పూరం వాసన వేసింది. ఒక తెల్లాయన లోపలికొచ్చి, ఇక్కడ మసాజ్ చేస్తారా అని అడిగాడు.

పరీక్షలో అన్ని నాణేలూ అసలైనవే అని తేలింది. దానివల్ల మూర్తి గారికి మంచి జరగాలి కదా? జరగలేదు. ఐటీలో పనిచేసే ఒకతను తన నాణెం తిరిగి జేబులో వేసుకుంటూ, "పాస్ అయిందంటే ఇంకా డేంజర్ అంకుల్. మీ మెషీన్‌నే ఫూల్ చేసేంత క్వాలిటీ ఫేక్ అన్నమాట" అన్నాడు. వెనక వరుసలో ఉన్నవాళ్లు అవునవునన్నారు. పదిహేనేళ్లుగా నన్ను అడిగి బంగారం కొన్నవాళ్లు కూడా తలలూపారు.

మూర్తి గారు ఆన్‌లైన్ కంపెనీకి ఫిర్యాదు పెట్టారు. వాళ్లొక ఫారం పంపారు. ఈ వస్తువు ఆహార పదార్థాలకు తగిలిందా అని అందులో ఒక ప్రశ్న. ఆయన నిజాయితీపరుడు. పాలు, పెరుగు, నెయ్యి, తేనె, పంచదార, అరటిపండు అని వరసగా రాశారు. ఎంతసేపు అన్నచోట ఒక నెల అని రాశారు. సీలు తెరిచిన వస్తువు వెనక్కి తీసుకోలేమనీ, దయచేసి దాన్ని తినవద్దనీ జవాబొచ్చింది.

ఆయన తెలుగు సంఘం కార్యదర్శి పదవి వదిలేశారు. గుడికి రావడం మానేశారు. ఒకరోజు కామేశ్వరి గారు నాకు ఫోన్ చేశారు.

"అన్నయ్య గారూ, ఈయన సరిగ్గా అన్నం తినట్లేదండీ. టీవీ పెట్టుకుని సౌండ్ తీసేసి చూస్తన్నారు. కుర్రాళ్లెవరన్నా ఫోన్ చేసి ఇల్లు కొనాలి సలహా చెప్పండంకుల్ అంటే, నన్ను అడక్కండి బాబూ అంటన్నారు. నేనే తీసుకొచ్చాను కదండీ మీ దగ్గరికి."

ఉన్నదే చెప్పాను కదమ్మా అన్నాను. ఫోన్ పెట్టేశాక కూడా అదే మాట నాకు నేను చెప్పుకున్నాను.

దొంగ దొరికితే పరిచయం చెయ్యి

కొవాచ్ గారికి నెలాఖరున పుస్తకం తిరగేసే అలవాటు. ఆ పేజీ దగ్గర ఆగారు.

"ఈ నకిలీ నాణెం ఎక్కువ తూగిందే."

"కొన్ని మిల్లీగ్రాములే సార్."

"నలభై ఏళ్లుగా ఈ వ్యాపారం చేస్తున్నాను. ఎక్కువ తూచి ఇచ్చే దొంగ నాకు తగల్లేదు. నీకు దొరికితే పరిచయం చెయ్యి, నేను అతని దగ్గరే కొంటాను."

నేను పుస్తకం నావైపు తిప్పుకుని ఆ అంకె మళ్లీ చూశాను.

"ముందేం చేశావు? తూకమా, మెషీనా?"

మెషీనే అని ఒప్పుకున్నాను. ఆ నాణెం నకిలీ అని ఊరంతా నమ్మితే లాభం ఆయనకే. కొత్త గిరాకీలు వస్తున్నారు కూడా. అయినా అడిగారు. మంచి యజమాని ఎవరో మీరు తెలుసుకోవాలంటే ఇలాంటి రోజు దాకా ఆగండి.

బంగారం తెల్లబడి, బరువు పెరగాలంటే దాని ఒంట్లోకి ఏదో ఎక్కి ఉండాలి. పాదరసం అని తెర మీద రాసే ఉంది. నాకు పదేళ్లప్పుడు మా నాన్న పనిపీట మీద పాదరసం బొట్టుకి ఒక ఉంగరం తగిలింది. కళ్లముందే తెల్లబడిపోయింది. నాన్న నా చేతి మీద ఒక్కటిచ్చి, బంగారం దాన్ని తాగుతుందిరా, ఇంకెప్పుడూ దగ్గరికి తేవద్దు అన్నారు. పదేళ్లకి తెలిసిన సంగతి అరవై దాటాక నాకు గుర్తు రాలేదు. ఎందుకు రాలేదో చెబుతాను, సిగ్గుగా ఉన్నా. ఆ నాణెం నకిలీ అయితే బాగుండునని నేను కోరుకున్నాను. అంతే.

పూజగది

శనివారం గీటురాయి జేబులో వేసుకుని క్వేకర్స్ హిల్ వెళ్లాను. మూర్తి గారు హాల్లో చప్పుడు లేని క్రికెట్ చూస్తున్నారు. నా వంక తిరగలేదు. కామేశ్వరి గారు నాణెం తెచ్చిచ్చారు. దాన్ని రాయి మీద గీశాను, తెల్ల గీత పడింది. అదే అంచుతో మళ్లీ గీశాను. మూడోసారికి పచ్చటి గీత పడింది. మా నాన్న చూపించిన మేలిమి పచ్చ.

"అమ్మా, మీ పూజలో పాదరసం ఏమన్నా ఉండాదా?"

"పాదరసమా? థర్మామీటర్‌లో ఉండేదా? అదెందుకుంటుందండీ పూజలో!" అని, అంతలోనే ఆగి, "పాదరస లింగం ఉందండీ" అన్నారు.

చూపించారు. పాదరసాన్ని గట్టిపరచి చేసిన బొటనవేలంత లింగం. మూడు నెలల కిందట ఇండియా వెళ్లినప్పుడు ఒక క్షేత్రంలో కొన్నారట. ఆన్‌లైన్‌లో కాదు సుమా. ఎదురుగా కూర్చున్న మనిషి దగ్గర, చేత్తో పట్టుకుని, అరగంట బేరమాడి మరీ కొన్నారు.

"అమ్మినాయన ఏమన్నా చెప్పినాడా అమ్మా, బంగారం గురించి?"

"చెప్పాడండీ. ఇది బంగారాన్ని తాగేస్తుందమ్మా అన్నాడు. మహిమ చెబుతున్నాడనుకుని దణ్ణం పెట్టుకున్నా."

"మరి రెండు నాణేలూ ఇక్కడే కదా పెట్టినారు? మీదెందుకు తెల్లబడలేదు?"

ఆవిడ కొంగు సర్దుకున్నారు.

"నాది అమ్మవారి పళ్లెంలో పెట్టానండీ, పువ్వుల్లో. ఈయనది స్వామి కింద పెట్టాను, పీటలాగా. నెలంతా అభిషేకం దాని మీదే జరిగింది. పాపం ఆయన అంత కష్టపడి ఇరవై రెండు ఇళ్లకి ఇప్పించారు, ఎవరితోనూ మాట రాకూడదని... మంచి చోటు ఆయనదానికే ఇచ్చాను."

మూర్తి గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎప్పుడు లేచి వచ్చారో మేమిద్దరం చూడలేదు.

"స్వామి కిందనా?" అన్నారు.

"కిందే" అన్నారు ఆవిడ, ఆయన వంక చూడకుండా. "మీరు కొన్నదని."

అప్పుడు నేను ఆయన చేతులు పట్టుకుని క్షమించమన్నాను. ఆయన నా మాట విన్నారని అనుకోను.

స్వామి వారి ప్రయాణం

వాళ్లమ్మాయి స్ఫూర్తి వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో డాక్టర్. ఇక్కడే పుట్టిన పిల్ల. కబురు వినగానే మాస్కు, గ్లౌజులు వేసుకుని పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, ఇట్స్ టాక్సిక్! డోంట్ టచ్ ఇట్! ఇన్నాళ్లూ దీని మీద మిల్క్ పోసి తీర్థం తాగారా?" అని అరిచింది. రోజుకి ఒకసారే అన్నారు ఆవిడ. ఇద్దరికీ రక్తపరీక్షలు చేయించింది, ఏమీ లేదని తేలింది. లింగాన్ని మూత బిగించిన డబ్బాలో పెట్టి, విషపు వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చేద్దామంది. ఉద్వాసన చెప్పకుండా ఇవ్వనన్నారు కామేశ్వరి గారు. చివరికి వాడేసిన పెయింటు డబ్బాలు, బ్యాటరీల వరసలో నారింజ చొక్కా వేసుకున్న పనివాడి ముందు హారతి ఇచ్చారు. ఏమిటిది అని అతను అడిగితే స్ఫూర్తి "గాడ్" అంది. అతను ఒక క్షణం ఆగి, టోపీ తీసి, రెండు చేతులతో అందుకున్నాడు.

ఆదివారం గుడి హాల్లో చిన్నపిల్లల డాన్సుకీ భోజనాలకీ మధ్య నాకు రెండు నిమిషాలు మైకు ఇచ్చారు. మా దుకాణం ప్రచారానికి వచ్చాననుకుని సగం మంది ప్లేట్ల వైపు నడిచారు. "మూర్తి గారి నాణెం అసలైనది. నకిలీ మాట నాది" అన్నాను. నడిచేవాళ్లు ఆగారు. తూకం ముందు చూడకపోవడం, మనసులో ఆశపడటం, అన్నీ చెప్పాను. నా వృత్తిలో అంత భయపడింది లేదు, అంత తేలికపడిందీ లేదు. ఐటీ అతను చెయ్యెత్తి, "సో, మావి కూడా ఒరిజినలేనా అంకుల్?" అన్నాడు. అవునయ్యా అన్నాను. అప్పటికి నమ్మాడు. ఆ రాత్రికే మూర్తి గారికి ఇల్లు కొనడం గురించి రెండు ఫోన్లు వెళ్లాయని తర్వాత విన్నాను.

నా చివరి వారంలో దంపతులిద్దరూ కౌంటర్‌కి వచ్చారు. తెల్ల నాణెం తెచ్చారు. మా రిఫైనరీకి పంపితే పాదరసం తీసేసి మేలిమి బంగారం తిరిగిస్తారు, దానికి బదులు కొత్త నాణెం ఇస్తాను, ఖర్చు నాది అన్నాను.

"వద్దండీ ఆచారి గారూ. దీన్నిలాగే ఉండనివ్వండి" అన్నారు మూర్తి గారు.

"ఇట్లుంటే ఎవరూ కొనరు సార్. నేనే కొనను."

"అమ్మేదెవరండీ?"

ఇంట్లో ఉంచుకోవాలంటే గాలి చొరకుండా సీలు వెయ్యాల్సిందే అని స్ఫూర్తి షరతు పెట్టిందట. గట్టి ప్లాస్టిక్ బిళ్ల తీసి, నాణెం అందులో పెట్టి, చుట్టూ సీలు వేశాను. ముందు తూచాను. ఎక్కువే తూగింది.

కామేశ్వరి గారు బిళ్లని రెండుసార్లు తిప్పి చూశారు. తర్వాత హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న కుంకుమ భరిణె తీసి, ఉంగరపు వేలితో ప్లాస్టిక్ మీదే బొట్టు పెట్టారు.